కుర్చీ ఇచ్చారు, నమ్మకం ఇచ్చారా?
రాజ్యాంగ సభలో ఏకైక దళిత మహిళ దాక్షాయణి వేలాయుధన్ జీవితం

1948 నవంబర్ 29. ఢిల్లీలో రాజ్యాంగ సభ జరుగుతోంది. ఆ రోజు చర్చకు వచ్చింది ముసాయిదాలోని 11వ అధికరణం. అంటరానితనాన్ని రద్దు చేసే అధికరణం. ఇవాళ మనం 17వ అధికరణం అని చెప్పుకుంటున్నది అదే. ముప్పై ఆరేళ్ల దళిత మహిళ ఒకరు లేచి మాట్లాడుతున్నారు. సభాధ్యక్ష స్థానంలో ఉన్న ఉపాధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ మధ్యలో కలగజేసుకుని సమయం మించిపోయిందని గుర్తు చేశారు. మహిళ కాబట్టే ఇంకాస్త మాట్లాడనిస్తున్నానని కూడా అన్నారు.

ఆ మాటలో దురుసుతనం లేదు. పైకి చూస్తే మర్యాదే. అయినా చర్చల ప్రతుల్లో ఆ పుట దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. ఆ సభలో అంటరానితనం గురించి పుస్తకాల్లో చదివినవాళ్లు ఉన్నారు. దాన్ని ఒంటి మీద మోసిన దళిత పురుషులూ ఉన్నారు. దళిత స్త్రీగా మోసింది మాత్రం ఆమె ఒక్కరే. అలాంటి మనిషికి, అలాంటి అంశం మీద దొరికిన ఆ కాసిని నిమిషాలు హక్కుగా రాలేదు. ఆడమనిషి కదా అన్న వెసులుబాటుగా వచ్చాయి.

ఆమె పేరు దాక్షాయణి వేలాయుధన్. రాజ్యాంగ సభలోని 15 మంది మహిళల్లో ఏకైక దళిత మహిళ. ఏటా రాజ్యాంగ దినోత్సవం రోజున ఆమె ఫొటో మన ఫోన్లలో తిరుగుతుంది. తొలి, ఏకైక అనే రెండు విశేషణాలతో కథ అయిపోతుంది. ఆ రెండు మాటల వెనక ఒక మనిషి ఎంత ఒంటరిగా నిలబడాల్సి వచ్చిందో, బాధ్యత ఇచ్చినవాళ్లు ఆమెను ఎంతవరకు నమ్మారో, ఆమె ఎవరికి జవాబుదారీగా ఉన్నారో మనం అంతగా మాట్లాడుకోం. ఈ వ్యాసంలో ఆ ప్రశ్నల వెంట నడుద్దాం.

నీళ్ల మీద జరిగిన సభ

దాక్షాయణి 1912 జులై 4న కొచ్చిన్ రాజ్యంలోని ములవుకాడ్ ద్వీపంలో పుట్టారు. ఎర్నాకుళం ఎదురుగా, ఉప్పునీటి కాయల్ మధ్యలో ఉండే చిన్న దీవి అది. కుటుంబం పులయ కులం. వరిపొలాల్లో తరతరాలుగా వెట్టి చేసిన కులం. పందొమ్మిదో శతాబ్దం నడిమి వరకు భూమితో పాటు అమ్మకానికి, తాకట్టుకు పోయిన మనుషులు వాళ్లు. బానిసత్వం చట్టంలో రద్దయ్యాక కూడా బాట మీద నడవడానికి, బజారులో అడుగు పెట్టడానికి, బడిలో కూర్చోవడానికి అడ్డంకులు అలాగే ఉన్నాయి. పక్కనే ఉన్న తిరువితాంకూరు రాజ్యంలో అయ్యంకాళి 1893లో ఎద్దుల బండెక్కి, దళితులు నడవకూడదన్న బాట మీద తోలుకుంటూ వెళ్లింది ఈ నేపథ్యంలోనే.

దాక్షాయణి నెలల పాపగా ఉన్నప్పుడు, 1913లో, కొచ్చిన్ పులయలు ఒక సభ పెట్టుకోవాలనుకున్నారు. సభ పెట్టుకోవడానికి నేల దొరకలేదు. నేలంతా రాజుదో, దొరలదో. అప్పుడు వాళ్లు పడవలు తెచ్చి కాయల్‌లో ఒకదానికొకటి కట్టారు. ఆ పడవల మీదే సభ జరుపుకున్నారు. పండిత కరుప్పన్ లాంటి సంస్కర్తల అండతో జరిగిన ఆ కాయల్ సమ్మేళనం కేరళ దళిత ఉద్యమ చరిత్రలో పెద్ద మలుపు. నీటికి కులం అంటగట్టే హక్కు రాజుకు లేకపోయింది. దాక్షాయణి కుటుంబం ఈ కదలికలకు దగ్గరగా ఉన్న కుటుంబం. అన్న కె.పి. వల్లోన్ తర్వాత కొచ్చిన్ శాసనమండలిలో సభ్యుడయ్యారు. అంటే పోరాటం ఆమెకు పెద్దయ్యాక ఎవరో నేర్పినది కాదు, పుట్టిన ఇంట్లోనే ఉంది.

ఆమె పేరులోనే ఆ పోరాటం ఉంది. అప్పట్లో పులయ ఆడపిల్లలకు అళకి, చక్కి, కాళి, కురుంబ లాంటి పేర్లే ఉండాలి. దాక్షాయణి అంటే పార్వతి. పై కులాల పేరు. ఆ పేరు పెట్టినందుకు ఎగతాళి చేసినవాళ్లు ఉన్నారు. తెలుగు నేల మీద మన తాతల పేర్ల చివర గాడు తగిలించి పిలిచిన ఊళ్లను తలుచుకుంటే ఇది మనకు కొత్తగా అనిపించదు. పులయ స్త్రీలు ఒంటి మీద పై వస్త్రం కప్పుకోవడమే తప్పుగా చూసిన రోజుల్లో, పై వస్త్రంతో బడికి వెళ్లిన తొలి తరం ఆడపిల్లల్లో ఆమె ఒకరు. అంటే అక్షరాలు దిద్దక ముందే పేరుతోనూ, బట్టతోనూ ఆమె రెండు హద్దులు దాటారు.

దూరం నుంచి నేర్చుకున్న కెమిస్ట్రీ

ప్రభుత్వ స్కాలర్‌షిప్ సాయంతో చదువుకుంటూ ఎర్నాకుళం మహారాజా కాలేజీలో బీఎస్సీ కెమిస్ట్రీలో చేరారు. ఆ తరగతిలో ఆమె ఒక్కరే అమ్మాయి. ల్యాబ్‌లో ఆధిపత్య కులానికి చెందిన అధ్యాపకుడు ఆమెకు ప్రయోగాలు దగ్గరుండి చూపించలేదు. మిగతా విద్యార్థులు చేస్తుంటే ఆమె దూరంగా నిలబడి చూసి నేర్చుకున్నారు. అలా నేర్చుకునే 1935లో పట్టా తీసుకున్నారు. తొలి దళిత మహిళా పట్టభద్రురాలిగా చరిత్ర ఆమెను గుర్తుపెట్టుకుంది.

ఈ ఘట్టాన్ని పట్టుదల కథగా చెప్పుకోవడం మామూలు. కానీ ఇందులో ఇంకో విషయం ఉంది. సైన్స్ చదువులో ల్యాబ్ అంటే నమ్మకం. పరీక్ష నాళిక చేతికిచ్చామంటే, పగలగొట్టవు, ఒలకబొయ్యవు, చెప్పింది చెప్పినట్టు చేస్తావు అని నమ్మినట్టు. ఆమెను క్లాసులో కూర్చోనిచ్చారు, హాజరు పట్టీలో పేరు రాశారు, ఫీజు మాఫీ చేశారు. చేతికి వస్తువు మాత్రం ఇవ్వలేదు. ప్రవేశం దొరికింది, నమ్మకం దొరకలేదు. ఆమె తర్వాతి జీవితమంతా ఈ రెండింటి మధ్య దూరంలోనే నడిచింది. ఇవాళ యూనివర్సిటీ ల్యాబుల్లో, గైడ్ల గదుల్లో మన పిల్లలు ఎదుర్కొంటున్నదీ చాలావరకు ఇదే. సీటు వచ్చాక మొదలయ్యే వివక్ష.

ఆ తర్వాత ఆమె మద్రాసులో టీచర్ ట్రైనింగ్ కూడా పూర్తి చేశారు. 1935 నుంచి 1945 వరకు త్రిస్సూర్, త్రిప్పూణితుర ప్రాంతాల ప్రభుత్వ హైస్కూళ్లలో పాఠాలు చెప్పారు.

గట్టు మీద టీచరమ్మ

త్రిస్సూర్ వైపు పని చేస్తున్న రోజుల్లో జరిగిన ఒక ఘటన ఆమె కుటుంబ జ్ఞాపకాల్లో నిలిచిపోయింది. ఆమె బడికి వెళ్లే దారి వరిపొలాల మధ్య సన్నటి గట్టు. ఎదురుగా ఒక నాయర్ స్త్రీ వచ్చారు. ఇద్దరూ పక్కపక్కన పట్టేంత వెడల్పు లేదు. ఆనవాయితీ ప్రకారం పులయ మనిషి కిందికి దిగి, బురదలో నిలబడి, ఆమె వెళ్లిపోయేదాకా ఆగాలి. దాక్షాయణి దిగలేదు. వెళ్లాలనుకుంటే మీరే దిగి వెళ్లండన్నట్టు నిలబడ్డారు. చివరికి ఆ నాయర్ స్త్రీయే పొలంలోకి దిగి దారిచ్చి వెళ్లాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో టీచర్ అంటే ఊళ్లో గౌరవమున్న ఉద్యోగం. పిల్లల్ని అప్పజెప్పే ఉద్యోగం. ప్రభుత్వం ఆమెను ఆ ఉద్యోగానికి తగినదని నమ్మింది. ఊరి గట్టు నమ్మలేదు. బడి గంట కొట్టాక టీచర్, కొట్టక ముందు పులయ. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్న ఎంతమంది దళిత మహిళలకు ఇవాళ్టికీ ఇదే పరిస్థితో మనకు తెలుసు. అద్దె ఇల్లు దొరకని టీచర్లు, వండిన అన్నం పిల్లలు తినకుండా తల్లిదండ్రులే అడ్డుకునే మధ్యాహ్న భోజన కార్మికులు, అంగన్‌వాడీ ఆయాలు మన జిల్లాల్లోనే ఉన్నారు. ఆమె దగ్గర మేము నేర్చుకున్నది ఒకటుంది. ఉద్యోగం గట్టు సమస్యను తీర్చదు. ఆ ఉద్యోగం ఇచ్చిన ఆత్మగౌరవంతో గట్టు మీద నిలబడాల్సింది మనమే.

1940లో ఆమె ఆర్. వేలాయుధన్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆయన కూడా దళిత ఉద్యమకారుడు, కాంగ్రెస్ కార్యకర్త. పెళ్లి వార్ధా దగ్గర సేవాగ్రామ్ ఆశ్రమంలో గాంధీ, కస్తూర్బాల సమక్షంలో జరిగింది. కుష్ఠు వ్యాధి ఉన్న ఒకాయన పెళ్లి తంతు నడిపించారు. అంటరానివాళ్లుగా ముద్రపడ్డ ఇద్దరి పెళ్లికి, మరో రకంగా అంటరానివాడిగా వెలివేతకు గురైన మనిషి పెద్దయ్యాడు.

శాసనమండలిలో మొదటి మాట డబ్బు గురించే

1945లో కొచ్చిన్ ప్రభుత్వం ఆమెను శాసనమండలికి నామినేట్ చేసింది. నామినేట్ అయిన సభ్యుల నుంచి, అందులోనూ స్త్రీల నుంచి, సభలు సాధారణంగా ఆశించేది ఒకటే. కృతజ్ఞత. దాక్షాయణి మొదటిసారి మాట్లాడింది అణగారిన కులాల అభివృద్ధికి కేటాయించే నిధులు తగ్గిపోతున్నాయని. పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లో దళితులకు జనాభా మేరకు ప్రాతినిధ్యం కావాలని. సబ్‌ప్లాన్ నిధులు దారి మళ్లుతున్నాయని ఇవాళ మనం ధర్నా చౌకుల్లో అంటున్న మాటకు ఆమె మాట ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఎనభై ఏళ్లు గడిచాయి. లెక్క అడిగే గొంతులు మారాయి, అడగాల్సిన లెక్క మారలేదు.

హరిజన్ అనే మాట మీద కూడా ఆమెకు భ్రమలు లేవు. గాంధీ సమక్షంలో పెళ్లి చేసుకున్న మనిషే, అంటరానితనం ఉన్నంతకాలం ఆ పేరుకు అర్థం లేదని, అది కుక్కకు నెపోలియన్ అని పేరు పెట్టడం లాంటిదని తేల్చేశారు. పరిచయాన్ని, ఆదరాన్ని, అభిప్రాయాన్ని వేరువేరుగా ఉంచుకోగలగడం ఆమె ప్రత్యేకత. పెద్దవాళ్ల నీడలో పైకొచ్చారన్న మాట ఆడవాళ్ల మీద తేలిగ్గా పడుతుంది. ఆ పెద్దవాళ్ల మాటనే కాదనగలిగినప్పుడు ఆ నిందకు కాళ్లుండవు.

మద్రాసు ఓట్లతో ఢిల్లీకి

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికలు జరిగాయి. ప్రజలు నేరుగా ఓటేసిన ఎన్నికలు కావవి. రాష్ట్రాల శాసనసభ్యులు ఓటేసి పంపిన ఎన్నికలు. కొచ్చిన్‌కు చెందిన దాక్షాయణి మద్రాసు రాష్ట్రం నుంచి, కాంగ్రెస్ తరఫున ఎన్నికయ్యారు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఉన్నాయి. అంటే ఆమెను పంపిన శాసనసభలో మన తెలుగు సభ్యులూ ఉన్నారు. అదే మద్రాసు నుంచి రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి, మలబారుకు చెందిన అమ్ము స్వామినాథన్ కూడా వెళ్లారు. దుర్గాబాయి గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆమె పక్కన కూర్చున్న దాక్షాయణి గురించి అంతగా లేదు. ఆ ఏళ్లలోనే, 1946 నుంచి 1949 వరకు, ఆమె మద్రాసులో కామన్ మ్యాన్ పత్రికకు సంపాదక బాధ్యత కూడా చూశారు.

రాజ్యాంగ సభ 1946 డిసెంబర్ 9న మొదలైంది. పది రోజులకు, డిసెంబర్ 19న, లక్ష్యాల తీర్మానం మీద దాక్షాయణి మాట్లాడారు. అప్పటికి ఆమెకు 34 ఏళ్లు. రాజ్యాంగ సభ పని ఒక చట్టం రాయడం మాత్రమే కాదని, జనానికి కొత్త జీవితపు చట్రాన్ని ఇవ్వడమని ఆమె వాదన. దళితులకు విడుదల బ్రిటిష్ ప్రభుత్వం దగ్గర దొరకదని, స్వతంత్ర సోషలిస్టు గణతంత్రంలోనే దొరుకుతుందని చెప్పారు. కాగితం మీది రక్షణల కంటే ముందు సామాజిక అడ్డంకులు వెంటనే పోవాలన్నారు. పదకొండేళ్ల కిందట ల్యాబ్‌లో దూరంగా నిలబెట్టిన అమ్మాయి, ఇప్పుడు దేశం ఎలా ఉండాలో చెప్పే చోట నిలబడి మాట్లాడింది.

ఎవరి నమ్మకం?

ఆమె జీవితంలో మనకు అన్నిటికంటే ఇబ్బందిగా అనిపించేది, అందుకే తప్పకుండా మాట్లాడుకోవాల్సింది, 1947 ఆగస్టు 28 నాటి చర్చ.

దానికి ముందు ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. 1932 పూనా ఒప్పందంలో అంబేడ్కర్ ప్రత్యేక నియోజకవర్గాలను వదులుకోవాల్సి వచ్చింది. బదులుగా రిజర్వుడు స్థానాలు వచ్చాయి. వాటికి రెండు దశల ఎన్నిక పెట్టారు. ముందు దళిత ఓటర్లు నలుగురు అభ్యర్థుల్ని ఎంచుకుంటారు. తర్వాత ఆ నలుగురిలో ఒకరిని అందరూ కలిసి ఎన్నుకుంటారు. దళితుల నమ్మకం ఉన్నవాడే సభకు వెళ్లాలన్నది ఆ మొదటి దశ ఉద్దేశం. స్వతంత్ర భారతంలో ఆ మొదటి దశ కూడా పోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు కర్నూలు ప్రాంతానికి చెందిన దళిత సభ్యుడు ఎస్. నాగప్ప ఒక సవరణ తెచ్చారు. రిజర్వుడు స్థానంలో గెలిచే అభ్యర్థికి దళితులు వేసిన ఓట్లలో కనీసం 35 శాతం రావాలని. మన రాయలసీమ నుంచి వెళ్లిన ఆ నాయకుడు అడిగిన ప్రశ్న చిన్నదేమీ కాదు. దళితుల పేరున కూర్చునే మనిషికి దళితుల నమ్మకం అక్కర్లేదా అని.

దాక్షాయణి ఆ సవరణను వ్యతిరేకించారు. ఆమె వాదన ఇదీ. దళితుడు అన్నం కోసం ఇంకొకరి మీద ఆధారపడిన ఆర్థిక బానిసగా ఉన్నంతకాలం, ప్రత్యేక నియోజకవర్గం పెట్టినా, ఉమ్మడి నియోజకవర్గం పెట్టినా, శాతాలు పెట్టినా ఒరిగేదేమీ లేదు. ఇంకా ముందుకెళ్లి, తనకైతే ఏ రకమైన రిజర్వేషన్లూ సమ్మతం కాదన్నారు. నాగప్ప సవరణకు సభ ఆమోదం దొరకలేదు.

ఈ చివరి మాటతో మేము ఏకీభవించం. రిజర్వుడు స్థానాలు లేకపోతే చట్టసభల్లో మనవాళ్లు ఎంతమంది ఉండేవాళ్లో ఊహించడం కష్టమేమీ కాదు. జనరల్ స్థానాల్లో దళితులకు పార్టీలు ఎన్ని టికెట్లు ఇస్తున్నాయో చూస్తే చాలు. ఆమె కూడా నామినేషన్ ద్వారా, పార్టీ ఎంపిక ద్వారానే సభల్లోకి వచ్చారు. తలుపు ఎవరో ఒకరు తెరిస్తే తప్ప లోపలికి రాలేని వ్యవస్థలో, తలుపు తెరిచి ఉంచే చట్టం అక్కర్లేదనడం పొరపాటని మా అభిప్రాయం.

కానీ ఆమె మాటలోని మొదటి సగాన్ని మనం ఇంకా దాటలేదు. భూమి లేని మనిషి ఓటు ఎంత స్వేచ్ఛగా పడుతుంది? కూలికి పిలిచే ఇల్లే ఓటు అడిగే ఇల్లయినప్పుడు 35 శాతమైనా, నూరు శాతమైనా అది ఎవరి ఇష్టం? నాగప్ప అడిగింది నమ్మకం గురించి. దాక్షాయణి అడిగింది ఆ నమ్మకం పుట్టడానికి కావాల్సిన నేల గురించి. ఇద్దరూ దళితులే, ఇద్దరూ ఒకే పార్టీ వాళ్లే, ఒకే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లే. అయినా ఎదురెదురుగా నిలబడ్డారు. దళితులంతా ఒకే గొంతుతో మాట్లాడతారని అనుకునేవాళ్లకు ఈ చర్చ చూపించాలి. ఒకే అనుభవంలోంచి రెండు బలమైన వాదనలు రావచ్చు. ఆమెతో విభేదించడం కూడా ఆమెను గౌరవించే ఒక పద్ధతే. పొగిడి పక్కన పెట్టడం కంటే అది మేలు.

పంపినవాళ్ల మాట కాదన్న ప్రతినిధి

1948 నవంబర్‌లో ముసాయిదా రాజ్యాంగం సభ ముందుకు వచ్చింది. నవంబర్ 8న దాక్షాయణి దాన్ని గట్టిగా విమర్శించారు. 1935 చట్టం నీడ ఎక్కువగా ఉందని, అధికారం కేంద్రంలో పోగుపడుతోందని, కింది స్థాయికి పంపకం జరగలేదని, గవర్నర్లను కేంద్రం నియమించే పద్ధతి సరి కాదని వాదించారు. సార్వత్రిక ఎన్నికలు జరిపి, జనం ఎన్నుకున్న సభ ముందు ఈ రాజ్యాంగాన్ని పెట్టి ఆమోదింపజేసుకోవాలని కూడా కోరారు. ఆ సభే పరిమిత ఓటు హక్కుతో ఏర్పడిందని, తాను కూడా అలాగే వచ్చానని తెలిసి అడిగిన మాట అది. తన కుర్చీకి ఉన్న పునాది ఎంత ఇరుకుదో ఒప్పుకుని, దాన్ని వెడల్పు చేయమని అడగడం.

ఆమెను అక్కడికి పంపింది కాంగ్రెస్. ముసాయిదా వెనక ఉన్నదీ కాంగ్రెస్ నాయకత్వమే. ముసాయిదా సంఘానికి అధ్యక్షుడు అంబేడ్కర్. అటు పార్టీ, ఇటు తన జనం అపారంగా ప్రేమించే నాయకుడు. ఇద్దరూ ఉన్న చోట ఒక దళిత మహిళ ఆ ముసాయిదా బాగోలేదని చెప్పడం సులువైన పని కాదు. ఆమె విమర్శల్లో కొన్నిటిని మనం కాదనవచ్చు. గట్టి కేంద్రం లేకుండా దళితుల రక్షణ ఊరి పెద్దల చేతిలో పెట్టడం ప్రమాదమని అంబేడ్కర్ వైపు నుంచి వాదించవచ్చు. కానీ బాధ్యత గల పదవిని ఆమె ఎలా అర్థం చేసుకున్నారో ఇక్కడ తెలుస్తుంది. పంపినవాళ్లు నమ్మకం ఉంచారంటే వాళ్ల మాటకు తలూపడం కాదు, తన బుద్ధిని వాడమని తనకు అప్పగించడమని ఆమె లెక్క.

ఆ తర్వాత మూడు వారాలకు వచ్చిందే మొదట్లో చెప్పిన నవంబర్ 29. అంటరానితనం రద్దును స్వాగతిస్తూనే ఆమె ఒక హెచ్చరిక చేశారు. రాజ్యాంగం ఎలా పని చేస్తుందన్నది చట్టం అమలు మీద కంటే రేపు జనం ఎలా నడుచుకుంటారన్న దాని మీద ఆధారపడి ఉంటుందని. సభ మొదలైన కొత్తల్లోనే అంటరానితనాన్ని ఖండిస్తూ ఒక ప్రకటన చేయాలని తాను కోరిన సంగతీ గుర్తు చేశారు. అధికరణం ఆ రోజే ఆమోదం పొందింది. చుండూరు, కారంచేడు, లక్షింపేట తెలిసిన మనకు ఆ హెచ్చరిక బరువు ఎంతో విడమరిచి చెప్పనక్కర్లేదు.

సభ ముగిశాక

1950 నుంచి 1952 వరకు ఆమె తాత్కాలిక పార్లమెంటులో సభ్యురాలు. భర్త వేలాయుధన్ కూడా ఆ పార్లమెంటులో ఉన్నారు. 1952లో తొలి సార్వత్రిక ఎన్నికల తర్వాత ఏర్పడిన లోక్‌సభలో దాక్షాయణి లేరు. రాజ్యాంగం రాసిన చేతుల్లో కొన్ని మంత్రి పదవుల దాకా, గవర్నర్ బంగళాల దాకా వెళ్లాయి. ఆమె ఐదుగురు పిల్లలతో, డబ్బు ఇబ్బందులతో సంసారం నెట్టుకొచ్చారు. 40 ఏళ్లకే ఆమె పార్లమెంటు జీవితం ముగిసిపోయింది. ల్యాబ్ నుంచి రాజ్యాంగ సభ దాకా వచ్చిన అనుభవాన్ని వాడుకోవడానికి ఆ వ్యవస్థకు చోటు దొరకలేదు.

1971లో కేరళలోని అదూర్ నుంచి లోక్‌సభకు పోటీ చేశారు. ఓడిపోయారు. నామినేషన్‌తో, శాసనసభ్యుల ఓట్లతో సభలకు వెళ్లిన మనిషి నేరుగా జనం ముందుకు ఒంటరిగా వెళ్లినప్పుడు డబ్బు లేదు, పార్టీ యంత్రాంగం లేదు.

అయినా ఆమె ఇంట్లో కూర్చోలేదు. ఢిల్లీలో మునిర్కా ప్రాంతపు సఫాయి మహిళలతో కలిసి పని చేశారు. 1977లో ఢిల్లీలో దళిత మహిళలను కూడగట్టి సభ జరిపారు. దాని నుంచి మహిళా జాగృతి పరిషత్ పుట్టింది. అప్పటికి ఆమెకు 65 ఏళ్లు. పుట్టిన కొత్తల్లో తనవాళ్లు పడవల మీద సభ పెట్టుకున్నారు. చివరి రోజుల్లో ఆమె దళిత స్త్రీల కోసం సభ పెట్టారు. 1978 జులై 20న కన్ను మూశారు. 2019లో కేరళ ప్రభుత్వం, స్త్రీల సాధికారత కోసం పని చేసేవారికి ఆమె పేరిట పురస్కారం ప్రకటించింది. అంటే 40 ఏళ్లకు పైగా పట్టింది.

మినిట్స్ పుస్తకం ఎక్కడుంది?

పరిశోధన పని మీద మేము ఊళ్లు తిరుగుతున్నప్పుడు రిజర్వుడు స్థానంలో గెలిచిన ఒక దళిత మహిళా సర్పంచ్ ఇంటికి వెళ్లాం. చదువుకున్న మనిషి. పంచాయతీ తీర్మానాలు చూడాలని అడిగాం. మినిట్స్ పుస్తకం తన దగ్గర లేదని, ఊళ్లో ఇంకొకరి ఇంట్లో ఉంటుందని, సంతకం అవసరమైనప్పుడు తెస్తారని చెప్పారు. పంచాయతీ ఆఫీసులో కుర్చీ ఉంది, గోడ మీద పేరుంది. పుస్తకం మాత్రం వేరే ఇంట్లో. మహారాజా కాలేజీ ల్యాబ్ మాకు అక్కడ గుర్తొచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. ఆ సగంలో దళిత మహిళల వాటా ఉంది. సంఖ్య వచ్చింది. ఆ సంఖ్య కోసం పోరాడినవాళ్లకు మనం రుణపడి ఉన్నాం. ఇక మీద అడగాల్సిన ప్రశ్నలు ఇంకా చిన్నవి, ఇంకా గట్టివి. పుస్తకం ఎవరి దగ్గరుంది? చెక్కు మీద సంతకం ఎవరు చెప్తే పడుతోంది? మీటింగులో ఆమె మాట్లాడేటప్పుడు గడియారం ఎవరు చూస్తున్నారు? యూనివర్సిటీల్లో, ఆఫీసుల్లో, చివరికి మన సంఘాల్లో కూడా ఇవే అడగాలి. దళిత ఉద్యమ వేదికల మీద ఆడవాళ్లకు చివరి వక్తగా ఐదు నిమిషాలు ఇచ్చే అలవాటు మనకూ ఉంది. దాన్ని గౌరవం అనుకునే అలవాటూ ఉంది.

ఆ సర్పంచ్ అక్క మేము వచ్చేసే ముందు ఒక మాట అడిగారు. పుస్తకం తన దగ్గరే ఉండాలని ఏ చట్టంలోనైనా ఉందా, ఉంటే కాపీ పంపుతారా అని. పంచాయతీరాజ్ చట్టం తెలుగు ప్రతి పంపించాం. దాంతో పాటు దాక్షాయణి గురించి రెండు పేజీలు రాసి పెట్టాం. ఈ వ్యాసం ఆ రెండు పేజీల నుంచే పెరిగింది.